పొద్దునకి పెరిగిన మట్టం

"బండిలో ఎర్రలైటు వెలిగిందంటే వెలిగింది. నాకేమన్నా కళ్లు పోయాయా?" అన్నాను పళ్లేలు తీస్తూ.

"నిన్నా ఇదే చెప్పావు, మొన్నా ఇదే చెప్పావు," అన్నారు మా ఆయన తలెత్తకుండా. "వైరేదో లూజై ఉంటుంది. కూలెంట్ డబ్బా నిండుగా ఉందని పొద్దున నీకు చూపించానా, లేదా?"

"చూపించారు."

"మరింకేం?"

"ఆ బండికి నీ మీద మనసైనట్టుందే. నువ్వెక్కినప్పుడే కన్ను కొడుతోంది," అన్నారు అత్తయ్య. మా అమ్మాయి పక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వ్యానులో రోజూ పదకొండు మంది బడిపిల్లల్ని తిప్పేది నేను.

లైటు ఎప్పుడూ ఒక్కచోటే వెలిగేది, సాయంత్రం వంతెన ఎక్కుతున్నప్పుడు. పైకి చేరగానే ఆరిపోయేది. వారం గడిచేసరికి, అసలు వెలిగిందా అని నాకే అనుమానం పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం పిల్లల్ని దింపేసి మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాను. నేను చెప్పింది విని మెకానిక్ మాత్రం నవ్వలేదు.

"ఎత్తెక్కితే బండి వెనక్కి వాలుతుంది కదమ్మా. డబ్బాలో కూలెంట్ తక్కువుంటే ఓ పక్కకి ఒరుగుతుంది, లైటు వెలుగుతుంది. చదునుకొస్తే సర్దుకుంటుంది. ఇంజను వేడిని మోసుకెళ్లి రేడియేటర్లో చల్లార్చుకొచ్చేది అదే. మూసిన గొట్టాల్లో తిరిగేది ఊరికే ఎందుకు తగ్గుతుంది? ఎక్కడో కారుతోంది."

"పొద్దున చూస్తే నిండుగానే ఉందండీ."

"అయితే ఇవాళ ఇంజను బాగా చల్లారాక మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున బండి తియ్యకముందు చూడండి. వేడి మీద మాత్రం మూత ముట్టుకోకండి, మొహం మీదకి చిమ్ముతుంది."

ఇంటికొచ్చి, బండి చల్లారాక చూస్తే మట్టం కింది గీతకి దిగి ఉంది. మా అమ్మాయి పుస్తకాలకి అట్టలేసే టేపు ముక్కొకటి అక్కడ అంటించాను. తెల్లవారి మళ్లీ బానెట్ ఎత్తాను.

టేపుకి వేలెడు పైన ఉంది.

తగ్గితే కారుతోందనుకోవచ్చు. పెరిగితే ఏమనుకోవాలి? మూత తీశాను. ఆకుపచ్చగా ఉండాల్సిన కూలెంట్ మంచినీళ్లంత తేటగా ఉంది. మెట్ల కింద తడి ఆరని చెంబు కనిపించింది. మా ఇంట్లో నాకంటే ముందు లేచేది ఒక్కరే.

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"ఎన్నాళ్ల నించి పోస్తున్నారు?"

ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే ఆగిపోయింది.

"జరపండి, కాలిపోతుంది."

ఆయన పెట్టె పక్కన పెట్టారు. "నువ్వు వేరే బండి చూపించావు. ఇదే తీసుకుందామని పట్టుబట్టింది నేను. కొని ఏడాదైనా కాలేదు, అప్పుడే షెడ్డుకెక్కితే... చెంబెడు నీళ్లతో పోయేదే కదా అనుకున్నాను."

"నేను చూసింది చూడలేదనిపించారు. మీ మాట నమ్మి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను. ఆ వంతెన మీద ఇంజను వేడెక్కి పట్టేసి, వెనక లారీ ఉంటే?"

ఆయన తల దించుకుని ఇస్త్రీ పెట్టె వైరు లాగేశారు. తిట్టాలని వచ్చాను గానీ, ఆ మొహం చూశాక తిట్టబుద్ధి కాలేదు. అలాగని ఊరుకునే విషయమూ కాదు. బడికింకా గంటన్నర ఉంది. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లాను.

పది ఇళ్లు. ఎక్కువమంది సరేనన్నారు. ఒకావిడ మాత్రం "ఎన్నాళ్లు?" అంది. తెలీదన్నాను. "అయితే మేం వేరే వ్యాను చూసుకుంటాం, ఏమనుకోకండి," అని పెట్టేసింది. వాళ్లింటి అన్నాచెల్లెళ్లవి రెండు సీట్లు ఒక్కసారే పోయాయి. లోపలికొచ్చాను.

ముగ్గురూ టిఫినుకి బల్ల దగ్గర చేరారు. అత్తయ్య గోడ గడియారం చూసి, "ఇంకా బయల్దేరలేదేమే?" అన్నారు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇవాళ బండి తియ్యట్లేదు అత్తయ్యా. కారేది ఎక్కడో తేలి, బాగయ్యేదాకా షెడ్డులోనే ఉంటుంది. అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను. ఇంటికొచ్చాక దాని బానెట్ ఎత్తేది నేనొక్కదాన్నే."