ఏడో ట్రే

పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాచి, గొంతు పెంచి ప్రార్థిస్తున్నారు.

"తండ్రీ, ఈ నీ కుమార్తె తొందరలో చేసిన పొరపాటును క్షమించు. అలసిపోయి చేసిందే గాని కావాలని చేయలేదు ప్రభువా. మళ్ళీ ఉద్యోగంలో నిలబెట్టు."

ఆ ఇంటి చిన్న హాల్లో ఇరుక్కుని కూర్చున్న తొమ్మిదిమందీ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. ఎవరి కోసం ఆ ప్రార్థన జరుగుతోందో ఆమె మాత్రం అనలేదు. ఆమెను ఆసుపత్రిలో అందరూ ఆవిరక్క అంటారు. ఆపరేషన్ సామాన్లను ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధిచేసే గదిలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది, అందుకని. ప్రార్థన మొదలైనప్పటినుంచీ ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నేను చేయలేదండీ," అంది.

పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచారు. "ఏంటమ్మా?"

"ఆ పొరపాటు. నేను చేయలేదు. చేయనిదానికి నా తరఫున మీరు క్షమాపణ అడుగుతున్నారు. పైన ఆయన నమ్మేస్తే నా గతేంటి?"

వెనకెవరో కిసుక్కుమన్నారు. పాస్టరమ్మగారు నొచ్చుకున్నారు. మంచి మనిషే, పరాయివాళ్ళ కష్టానికి ఏడ్చే మనిషి. "అలా కాదమ్మా, మనమందరం పాపులమేగా," అన్నారు.

"పాపులమేనండీ. పాపాలు నాకు చాలానే ఉన్నాయి. ఆ ట్రే మాత్రం నాది కాదు."

తర్వాత పాట పాడారు, టీ తాగారు, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ ఆమె భుజం తట్టి తలా ఒక ధైర్యం చెప్పిపోయారు. బైబిల్లో చేయని నేరానికి జైల్లో పడి, చివరికి ఆ దేశానికే అధికారి అయినవాడి కథ ఈ వారంలో ఆమె ఏడుసార్లు విన్నది. ఆమెకు దేశాన్ని ఏలాలని లేదు. తన యంత్రం తనకిస్తే చాలు.

అసలు జరిగింది ఇదీ. ఆపరేషన్ సామాన్ల ట్రేని గుడ్డలో చుట్టి, పైన ఒక టేపు అంటించి, దాని మీద సంతకం, తారీకు వేసి యంత్రంలో పెడతారు. ఆవిరి తగిలితే ఆ టేపు మీది లేత గీతలు నల్లబడతాయి. గీత నల్లబడని ట్రేని ఎవరూ ముట్టకూడదు. పోయిన సోమవారం పొద్దున ఆపరేషన్ గదిలో నర్సు ఒక ట్రే తీసి చూస్తే గీతలు తెల్లగా ఉన్నాయి, పక్కనే ఆవిరక్క సంతకం, శనివారం తారీకు ఉన్నాయి. నర్సు చూసింది కాబట్టి సరిపోయింది, రోగికి ఏమీ కాలేదు. కానీ పెద్ద డాక్టరు అరిచిన అరుపులు మూడో అంతస్తు దాకా వినిపించాయి. మధ్యాహ్నానికల్లా ఆవిరక్కను ఇంటికి పంపించేశారు. యంత్రంలో పెట్టకుండానే పెట్టినట్టు సంతకం చేసిందని నేరం. గురువారం విచారణ అన్నారు.

శనివారం ఆమె చేసినవి ఆరు ట్రేలు. ఆ ఆరూ ఆమెకు పిల్లల పేర్లలా గుర్తున్నాయి. ఈ ఏడోది ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకు తెలియదు. సంతకం ఎలా వచ్చిందో మాత్రం తెలుసు. ఆమె గుండెల్లో రాయి పడింది అక్కడే.

నిజానికి ట్రే చుట్టిన తర్వాతే సంతకం చేయాలి. కానీ తడి గ్లవ్సులతో పెన్ను పట్టుకుంటే జారిపోతుంది. అందుకని డ్యూటీ ఎక్కగానే పది టేపు ముక్కలు కత్తిరించి, అన్నిటి మీదా సంతకం, తారీకు గీకి, టేబుల్ అంచుకు వరసగా అంటించి పెట్టుకుంటారు. ఆ గదిలో ఉన్న నలుగురూ అదే చేస్తారు. శనివారం ఆమె ఆరు వాడింది, నాలుగు మిగిలాయి. పీకి పారేయాల్సింది. రెండింటికి డ్యూటీ దిగిపోతూ మర్చిపోయింది.

తర్వాతి డ్యూటీ పొడుగమ్మాయిది. చేరి రెండేళ్ళే అయింది, పనిలో కొంచెం బద్ధకం, రెండుసార్లు చివాట్లు కూడా తింది. పైగా ఈ మూడు రోజుల్లో ఒక్కసారైనా ఫోన్ చేయలేదు. ఇంకేం కావాలి? ఆవిరక్క మనసులో తీర్పు ఎప్పుడో అయిపోయింది. మూడు రోజులుగా ప్రార్థనలో దేవుడికి ఆ పిల్ల పేరు చెబుతూనే ఉంది, ఆయనకు తెలియదన్నట్టు.

అందరూ వెళ్ళాక అత్తగారు టీ కప్పులు కడుగుతూ అడిగింది. "ఏమే, నీ సంతకం దాని మీదికి ఎలా వచ్చింది?"

మూడు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. ప్రార్థించినవాళ్ళు అడగలేదు, ఓదార్చినవాళ్ళు అడగలేదు. ఆవిరక్క టేపుల సంగతంతా చెప్పింది. "ఈ మాట చెబితే అదో తప్పవుతుంది. చెప్పకపోతే ఇది నా మెడకు చుట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అత్తయ్యా. దేవుడు చూస్తూ ఊరుకున్నాడు, నాకు ఒళ్ళు మండిపోతోంది!"

"మండనీ," అంది అత్తగారు. చేతులు చీరకు తుడుచుకుని, తడి ఆరకుండానే కోడలి నెత్తిన పెట్టింది. గొంతు పెంచలేదు. పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది. "ప్రభువా, నా కోడలు ఆ పని చేయలేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. రేపు వాళ్ళకు తెలిసేట్టు చెయ్యి. దీనికి కోపంగా ఉంది, ఉండనీ. ఆ కోపంలో అబద్ధం మాత్రం ఆడనీయకు. ఆమెన్."

ఈసారి ఆవిరక్క "ఆమెన్" అంది. కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు సూపరింటెండెంట్ గారి గదిలో ఆమెను నిలబెట్టే మాట్లాడారు. ఆయన పక్కన మేట్రన్ కూర్చుని ఉంది. ఆవిరక్క దాచకుండా చెప్పింది, ముందే సంతకాలు చేసిపెట్టుకోవడం, నాలుగు ముక్కలు వదిలేసి వెళ్ళడం, అంతా.

"అంటే నీ తప్పు నువ్వు ఒప్పుకుంటున్నావు," అన్నారాయన.

"ఆ తప్పు ఒప్పుకుంటున్నాను సార్. ఏడో ట్రే ఒప్పుకోను."

"మరి ఎవరు కట్టారు?"

మేట్రన్ ముందుకు వంగింది. "శనివారం మధ్యాహ్నం డ్యూటీ ఎవరిదో అందరికీ తెలిసిందేగా. నువ్వు ఒక్క మాట అను, రాసుకుంటాం. నీ మీద ఈ నేరం ఉండదు."

పేరు ఆవిరక్క నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. ఒక్క మాట చాలు, రేపటినుంచి తన యంత్రం తనదే. ఈ వీధి, ఆ చర్చి, అందరి నోళ్ళూ మూతపడతాయి. చెప్పేయాలనే ఉంది, దేవుడి తోడు, చెప్పేయాలనే ఉంది. కానీ ఆ పిల్ల ఆ ట్రే కట్టడం తను చూసిందా?

"నేను చూడలేదు," అంది. "చూడనిది చెప్పను."

"అయితే నీ ఇష్టం," అన్నారు సూపరింటెండెంట్ గారు, కాగితం మీద ఏదో రాస్తూ. "సంగతి తేలేదాకా లాండ్రీలో పనిచెయ్. బట్టలు మడతపెట్టు. ఆ గది గడప తొక్కొద్దు."

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. నిజం చెబితే వచ్చిన బహుమతి ఇదీ! పద్నాలుగేళ్ళ పనితనం దుప్పట్ల మడతల పాలైంది. "నువ్వు చూశావు కదా," అని దేవుణ్ణి పైకే నిలదీసింది. "నేను చూడలేదు, నువ్వు చూశావు. మరి నువ్వెందుకు చెప్పవు?" అటుగా వెళ్తున్న వార్డుబాయ్ తిరిగి చూశాడు. చూడనీ అనుకుంది.

"అక్కా."

పొడుగమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. ముఖం పీక్కుపోయింది. "లోపల నా పేరు చెప్పావా?"

"లేదు."

"నా మీద అనుమానం రాలేదా?"

"రాకపోవడమేంటి? మూడు రోజులుగా నిన్నే తిట్టుకుంటున్నా. నిన్ను దేవుడికి కూడా అప్పజెప్పా. చూడలేదు కాబట్టి ఇక్కడ చెప్పలేదు, అంతే. నిన్ను ఉద్ధరిద్దామని కాదు."

పొడుగమ్మాయి బెంచీ అంచున కూర్చుంది. "నేను కాదక్కా. శనివారం మూడింటికే మేట్రన్ నన్ను ఎమర్జెన్సీకి పంపించేసింది, అక్కడ మనుషులు లేరని. గది తెరిచే ఉంది. వార్డులవాళ్ళు ఎవరికి వాళ్ళే వచ్చి, టేబుల్ అంచున ఉన్న నీ టేపులు అంటించి ట్రేలు కట్టుకున్నారట. ఎవరు ఏది కట్టారో నాకూ తెలీదు. పంపించినట్టు ఎక్కడా రాయలేదు. నోరెత్తితే ఉద్యోగం ఉండదని సోమవారమే నాతో అంది. నీకు ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు తీశానో..."

లోపల ముందుకు వంగి తియ్యగా అడిగిన మేట్రన్ ఆవిరక్కకు గుర్తొచ్చింది. అప్పుడు ఆ ఒక్క క్షణం ఆగలేకపోయి ఉంటే, ఏ పాపమూ ఎరగని ఈ పిల్లను తన నోటితోనే ముంచేసేది. దేవుడి ముందైతే ఇప్పటికే ముంచేసింది.

"వెళ్ళి చెప్పమని నేను అనను," అంది చివరికి. "నీకూ ఇల్లుంది. నీ మీద పెట్టుకున్న అనుమానం మాత్రం నాది తప్పు. మన్నించు."

పొడుగమ్మాయి లేచి, తలుపు కూడా తట్టకుండా సూపరింటెండెంట్ గారి గదిలోకి వెళ్ళిపోయింది.

ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత మేట్రన్ గొంతు లేచింది. "ఎవరు రమ్మన్నారు నిన్ను? బయటికి పో!" ఆ మాట మీదే పిల్ల గొంతు వినిపించింది. "చెప్పేదాకా పోను మేడమ్." మేట్రన్ మళ్ళీ అరిచింది. పిల్ల మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది, ఏడుస్తూనే.

ఆవిరక్క లేచింది. ఆ గదిలోకి మళ్ళీ రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, ఆ అమ్మాయి పక్కన నిలబడింది.