ఒక దెబ్బ కొడితే ఆగాలి

ఓడ ఎక్కిన మొదటి రోజే మా బావ అద్దం తలుపుకు నుదురు కొట్టుకున్నాడు. ఠంగుమని చప్పుడొచ్చింది. పక్కన పళ్లరసం తాగుతున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"అంత శుభ్రంగా తుడిస్తే ఎవడికి కనిపిస్తుందిరా!" అని బావ నవ్వేశాడు. అక్క నవ్వింది, నేనూ నవ్వాను.

నాకు ఆ ఓడ మొదటినుంచీ నచ్చలేదు. ఓడంటే నీళ్లు కనబడాలి కదా! ఇక్కడ అంతస్తు మీద అంతస్తు, బట్టల కొట్లు, క్షౌరశాల, ఈత కొలను. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని మళ్లీ ఈత కొలనెందుకని అడిగితే నన్ను అడవి మనిషిని చూసినట్టు చూశారు. గదిలో తువ్వాలును ఏనుగులా మడిచి మంచం మీద కూర్చోబెట్టారు. దాన్ని విప్పాలంటే జాలేసి, మొదటి రోజు చొక్కాతోనే ఒళ్లు తుడుచుకున్నాను.

ఇంత భోగం మాకెక్కడిదంటే, అక్క కూతురు ఆ ఓడల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. ఉద్యోగుల ఇంట్లోవాళ్లకు ఊరికే టిక్కెట్లు ఇస్తారట. మా ఆవిడకు బావిలోకి తొంగి చూస్తేనే కళ్లు తిరుగుతాయి, రానంది. అక్కా బావా ఒక గదిలో, నేను పక్క గదిలో సర్దుకున్నాం.

బావకూ నాకూ చుట్టరికం అక్క పెళ్లితో వచ్చింది కానీ, అసలు బంధం బస్సుతో వచ్చింది. ఒకే బస్సుకు ఆయన డ్రైవరు, నేను కండక్టరు. రిటైరయ్యేదాకా మా జంటను ఎవరినీ విడదీయనివ్వలేదు. నేను బస్సు ఒంటి మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే రైట్, కదలాలి. అధికారులు ఎక్కి తొందరపెట్టినా రెండు దెబ్బలు పడందే బావ బండి కదిపేవాడు కాదు. "ముందు సంగతి నాది, వెనక సంగతి వాడిది" అనేవాడు. ఇప్పుడు ఆయన స్కూలు వ్యాను తోలుతున్నాడు. నా మనవరాలు రోజూ అందులోనే వెళ్తుంది.

రెండో రోజు పొద్దున సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. నేను మెట్ల కింద టీ తాగుతున్నాను. బావ దిగుతూ చివరి మెట్టు తప్పి మోకాళ్ల మీద పడ్డాడు. లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"ఓడ ఊగిందిరా."

నా కప్పు నిండా టీ ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు. కాసేపటికి టిఫిను బల్ల దగ్గర ఆయన నీళ్లు తాగి, గ్లాసును ఎడమవైపు బల్ల అంచు దాటించి పెట్టాడు. అది కిందపడి పగిలింది. తుడవడానికి వచ్చినవాడికి కూడా ఓడ ఊగిందనే చెప్పాడు. వాడు పాపం ఓడలోనే బతికేవాడు, మర్యాదకు తలూపాడు.

అక్క కొలను దగ్గరికి వెళ్లగానే బావను పైడెక్కు మీదికి లాక్కెళ్లాను.

"నీ కళ్లకేమైంది బావా?"

"ఏమైంది? నిక్షేపంగా ఉన్నాయి."

"నాకు కథలు చెప్పకు."

ఆయన కమ్మీ పట్టుకుని నీళ్లకేసి చూశాడు. "ఎడం కన్ను పోయిందిరా" అన్నాడు. "నరం చచ్చిపోయిందన్నాడు కంటి డాక్టరు. కుడిది ఎదురుగా ఉన్నంతవరకు కనిపిస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు. గుడ్డికన్నా మెల్ల మేలు కదా!"

నాకు నవ్వు రాలేదు. "డాక్టరు బండి నడపమన్నాడా?"

"వద్దన్నాడు."

"అయినా నడుపుతున్నావు."

"ఆ దారి నాకు కొత్తేంటిరా? కళ్లు మూసుకుని నడిపేస్తాను."

"అదేగా ఇన్నాళ్లూ చేస్తున్నావు!" అని అరిచాను. ఎండలో పడుకున్న ముసలాయన ఒకడు టోపీ పైకెత్తి చూశాడు. "అందులో నా మనవరాలుంది బావా. ఎవరెవరి పిల్లలో ఉన్నారు."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ అక్కకు చెప్పకురా. ఆ వ్యాను కూడా లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి? కుర్చీలో కూర్చుని చావు కోసం ఎదురుచూడాలా?"

నాకు కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. ఆయన తోలిన బస్సులో ఏనాడూ ఒక్కరికీ గీత పడలేదు. అలాంటి మనిషి ఇలా బతిమాలుతున్నాడు. "నువ్వే చెప్పు అక్కకు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను" అని మాత్రం అని దిగి వచ్చేశాను.

సాయంత్రం భోజనాల దగ్గర అక్క జరీ చీర కట్టుకుని వచ్చింది. ఫోర్కుతో చేపముక్కను తరిమి తరిమి, చివరికి చేత్తోనే పట్టుకుంది.

"చెప్పడం మర్చిపోయానురా తమ్ముడూ! స్కూలువాళ్లు మీ బావకు పెద్ద వ్యాను ఇస్తారట. సెలవులు కాగానే. ఈయన్ని చూసే పిల్లల్ని పంపుతామన్నారట తల్లులు."

బావ పళ్లెంలోకి చూస్తున్నాడు. కక్కలేక మింగలేక లేచి గదికి పోయాను. ఏనుగును విప్పి ముఖం తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున ఓడ మొదటి రేవులో ఆగింది. దిగడానికి వాలుగా ఇనుప వంతెన వేశారు. "చెప్పావా?" అని బావ చెవిలో అడిగాను. వినబడనట్టు ముందుకు నడిచాడు. చెయ్యిస్తానంటే వద్దన్నాడు. ఆయన ముందు, వెనక నేను, నా వెనక అక్క.

వంతెన దిగే చోట ఎడమవైపు నుంచి సామాన్ల బండి వస్తోంది. కరెంటు బండి, చప్పుడు లేదు. పెట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. తోలేవాడికి మేము కనబడం. బావ నిమ్మకు నీరెత్తినట్టు దిగుతున్నాడు. కేక వేసే సమయం లేదు.

నా చెయ్యి దానంతటదే లేచింది. ఇనుప కమ్మీ మీద ఫెడీమని ఒక్క దెబ్బ కొట్టాను.

బావ కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. మనిషి ఉన్నచోటనే ఆగిపోయాడు. బండి ఆయన చొక్కాకు రాసుకుంటూ వెళ్లిపోయింది.

ఏదో రాసుకుపోయిందని తప్ప ఏం వెళ్లిందో ఆయనకు తెలియలేదు. పాదం మాత్రం అలాగే తొక్కి పట్టి ఉన్నాడు. అక్క నన్ను తోసుకుంటూ దిగి ఆయన పక్కకు, ఎడమవైపుకు చేరింది. గుండె మీద చెయ్యి వేసుకుని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఏమైందిరా? ఎందుకు ఆపావు?" అన్నాడు బావ తల తిప్పకుండా. "మీ అక్క ఏదీ? ఇంకా పైనే ఉందా?"

అక్క ఆయనకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి ఎత్తి, మెల్లగా ఆయన ఎడమ కంటి ముందు ఆడించింది. ఇంకోసారి ఆడించింది. ఆ తర్వాత నావైపు తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను.

వెనక జనం గొణుగుతున్నారు.

"రైట్ కొట్టరా, దారికి అడ్డంగా ఉన్నాం" అన్నాడు బావ.

నా అరచెయ్యి ఇంకా మండుతోంది. దాన్ని కమ్మీ మీదినుంచి తీసి జేబులో పెట్టుకున్నాను.