మైనం పట్టిన గిటారు

నా వల ఇచ్చేసి నా మొగుడు గిటారు తెచ్చాడు. మిగతా కథంతా దాని తోకే.

వల అంటే అల్లాటప్పా వల కాదు. అప్పటిదాకా మా గుల్లలపాలెంలో అందరివీ నూలు వలలే. అరవై ఏడు వానాకాలంలో మా అయ్య సూరయ్య విశాఖపట్నం నుంచి నైలాను దారం తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. వానలు కురిసినన్నాళ్ళూ కూర్చుని అల్లాను. ఏ కన్ను చూసినా ఒకటే కొలత. చూడవచ్చిన ఆడవాళ్ళు కన్నుల్లో వేళ్ళు దూర్చి చూసి, తప్పు దొరక్క మూతి తిప్పుకుని వెళ్ళారు. మా వీధిలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఆ వల పట్టుకుని నా మొగుడు లక్ష్ముడు విశాఖపట్నం హార్బరు వైపు వేటకని వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు భుజాన వల లేదు. జపాను ఓడవాడెవడో అక్కడి జాలరికి వదిలేసి పోయిన కరెంటు గిటారు ఉంది. ఎర్రగా, గాజుల మలారంలా మెరుస్తోంది. రెండు తీగలు తెగిపోయాయి, మిగతా నాలుగూ తుప్పు పట్టాయి. చెక్క చూస్తే అగ్గిపెట్టె చెక్కకి అన్నగారు.

“నన్ను అడక్కుండా ఎలాగ ఇచ్చీసినావు బావా?” అన్నాను.

“మన వలే కదేటే,” అన్నాడు.

మన వలట. అల్లేటప్పుడు నాది, ఇచ్చేటప్పుడు మనది. ఆ పూట అతనికి అన్నం పెట్టాను గానీ కూర వెయ్యలేదు.

లక్ష్ముడి చేతిలో సంగీతం ఉన్న మాట నిజం. భజనల్లో బుల్‌బుల్ తరంగ్ వాయిస్తే ముసలాళ్ళు తలలు ఊపేవాళ్ళు. అది కాదంటే నా కళ్ళు పోతాయి. కానీ చేతిలో సంగీతం ఉన్నంత మాత్రాన చేపలు నడిచి ఒడ్డుకి రావు కదా. ఆ మాటే మా అయ్య దగ్గర అన్నాను. పడవ మా అయ్యది. లక్ష్ముడు ఆ పడవ మీదే వేటకి వెళ్ళేవాడు.

మా అయ్య అల్లుణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు. “ఒరే లక్ష్ముడూ, ఆ జాలరోడు మళ్ళీ మారుస్తాడేట్రా?”

“సంబరం దాకా గడువిచ్చినాడు మావా. నచ్చకపోతే ఎనక్కి తెచ్చీమన్నాడు.”

“అయితే ఇనుకో. సంబరం నాడు ఘటం ముందు మన వీధికి తిరిగితే ఈ గిటారు నీకుంటాది. తిరగనేదో, మర్నాడే ఎల్లి నా కూతురి వల తెచ్చీ. వల నేకుండా నా పడవ ఎక్కొద్దు.”

ఈ ఘటం సంగతి చెప్పాలి. మా ఊళ్ళో రెండు వీధులు. మెట్టవీధిలో రైతులు, ఒడ్డువీధిలో మేము. గంగమ్మ సంబరం నాడు అమ్మవారి పసుపునీళ్ళ ఘటం నెత్తిన పెట్టుకుని అసిరమ్మ ఆ రెండు వీధులూ చీలే చోటికి వచ్చి ఆగుతుంది. అసిరమ్మది ఏ వీధీ కాదు, గుడి పక్కన ఇల్లు. అటు వాళ్ళ మేళం, ఇటు మా మేళం వాయిస్తాయి. ఏ మేళానికి అమ్మవారి మనసు కదిలితే అసిరమ్మ కాళ్ళు అటు తిరుగుతాయి. ఆ వీధికి మొదటి పసుపునీళ్ళు. మెట్టవీధివాళ్ళు ఏటేటా విజయనగరం నుంచి బ్యాండు పిలిపించేవాళ్ళు. వాళ్ళకి బాకాలు, క్లారినెట్లు, ఎర్ర కోట్లు. మాకు రెండు డప్పులు. నాకు ఊహ తెలిశాక ఘటం ముందు మా వీధికి తిరగ్గా చూడలేదు. మా పడవలకి ఎప్పుడూ అడుగున మిగిలిన నీళ్ళే.

కాబట్టి నాకు దిగుల్లేదు. ఘటం తిరగదు, నా వల నా ఇంటికొస్తుంది. ఆ ధైర్యంతో మర్నాటి నుంచి కూర కూడా వడ్డించాను.

ముందు తీగల పని పట్టుకున్నారు. తెగిన రెండు తీగల చోట లక్ష్ముడు నా దగ్గర మిగిలిన నైలాను దారం బిగించాడు. మా అయ్య దగ్గరుండి, జారకుండా వలముడి వేయించాడు. చేత్తో మీటితే కమ్మగానే మోగింది. మామా అల్లుడూ మీసాలు దువ్వుకున్నారు. కళింగపట్నంలో మైకుసెట్లు అద్దెకిచ్చే నరసింగరావుని పిలిపించారు. అతను కారు బ్యాటరీతో సెట్టు పెట్టి, గిటారు వైరు దానికి తగిలించాడు. పాత తీగలు నాలుగూ మైకు గొట్టంలోంచి పలికాయి. నైలాను తీగలు రెండూ మూగనోము పట్టాయి. లక్ష్ముడు మీటిన కొద్దీ వేలు నొప్పి పుట్టింది గానీ గొట్టం నోరు విప్పలేదు.

నరసింగరావు నా చేతిలో సూది అడిగి తీసుకుని గిటారు నడుము దగ్గర పెట్టాడు. సూది అతుక్కుంది.

“ఇందులో ఉన్నది సూదంటురాయి. ఇనప తీగ కదిల్తేనే దానికి తెలుస్తాది. నైలాను కదిల్తే దానికేటి?” అన్నాడు.

వీధంతా నవ్వింది. చేపకి కనబడకూడదని కనిపెట్టిన దారం గిటారుకీ కనబడలేదు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

లక్ష్ముడు విజయనగరం వెళ్ళి వీణలకి వేసే ఉక్కు తీగలు తెచ్చాడు. అవి వేశాక ఇంకో తంటా. తీగలు ఆనుకునే పైముక్క ప్లాస్టిక్కుది, అది పగిలి ఉంది. తీగలు కిందకి దిగి మెట్లకి రాసుకుని జీరగా పలుకుతున్నాయి. నా పర్లాకిమిడి కొమ్ము దువ్వెన వైపు చూసి, “సిన్నతల్లీ, ఒక మూల ముక్క కోసుకోనా?” అన్నాడు. ఈసారి అడిగాడు. అడిగాడు కాబట్టి ఇచ్చాను. కొమ్ము ముక్క అరగదీసి, తీగకో గాడి పెట్టి అమర్చాక జీర పోయింది. నెల రోజుల దగ్గు తగ్గిన మనిషిలా గిటారు గొంతు తేటపడింది.

నాకు కొంచెం భయం వేసింది. వల ఎక్కడ పోతుందోనని.

సంబరం దగ్గర పడ్డాక నరసింగరావు మళ్ళీ సెట్టు తెచ్చాడు. గొంతు పెంచే మరమీట సగం తిప్పేదాకా బాగుంది. ఆపైన తిప్పేసరికి గొట్టం కీచుమని కూత పెట్టింది. కుక్కలు ఒడ్డు దాకా పరిగెత్తాయి. పక్కింటి కూర్మమ్మ ఎండు చేపలు కాకులకి వదిలేసి చెవులు మూసుకుంది. తగ్గిస్తే కూత పోతుంది, పెంచితే వస్తుంది. సగం గొంతుతో ఆ బాకాల ముందు నిలబడడం అయ్యే పని కాదు.

“నా సెట్టు తప్పు కాదు లక్ష్ముడూ. సవక సరుకు. ఇంతే పలుకుతాది,” అన్నాడు నరసింగరావు.

లక్ష్ముడు ఇసకలో కూలబడ్డాడు. “రేపే ఎల్లి వల తెచ్చీమంటావేటి?” అని నన్నడిగాడు. 

సంతోషించాల్సిన దాన్ని. సంతోషించాను కూడా, ఒక్క క్షణం. తర్వాత ఎందుకో కోపం వచ్చి గిటారు నడుము మీద గోటితో ఒకటి మొట్టాను. గొట్టంలోంచి ‘టక్’మని వినబడింది.

“తీగ కదల్నిదే దానికి తెలీదన్నావు. నా గోరెలాగ తెలిసినాది?” అన్నాను నరసింగరావుతో.

అతను బుర్ర గోక్కున్నాడు. “లోపలేదో ఒదులుగా ఊగుతున్నట్టున్నాది,” అన్నాడు. మరలు విప్పి పైరేకు తీశాడు.

లోపల సూదంటురాయి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంది. ఆ చుట్టడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పక్క బిగువు, ఒక పక్క జోలెలా వదులు. చుట్టినవాళ్ళకి దారం పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. ఏ కన్ను చూసినా ఒకే కొలత ఉన్న నా వల ఇచ్చి, ఈ వదులు చుట్ట తెచ్చుకున్నామా? రేపు తిరిగి ఇచ్చేసేదైనా సరే, ఇంత వదులు దారం నా గుమ్మంలో ఉండడానికి వీల్లేదనిపించింది. బాగుచేస్తే నా వల పోతుందని తెలుసు. తెలిసే కొంగు బిగించాను.

విప్పి మళ్ళీ చుడదామంటే ముట్టుకుంటే తెగే తీగ. మా అయ్య వంగి చూశాడు.

“పడవ పలకలు ఒదులైతే ఏటి సేస్తాం? సందుల్లోకి గుగ్గిలం కాచి పోస్తాం. దీనికీ అదే.”

“మరిగే గుగ్గిలం పోస్తే ప్లాస్టిక్కు కరిగిపోతాది సూరయ్యా,” అన్నాడు నరసింగరావు.

“గుగ్గిలం వొద్దు అయ్యా, ఆరితే పెళుసు,” అన్నాను. “తేనెమైనం అయితే మెత్తగా పట్టుకుంటాది. వేణ్ణీళ్ళ మీద పెడితే సాలు, కరుగుతాది.”

“సిటికెడు గుగ్గిలం అయినా కలపవే. పడవోళ్ళ మర్యాద పోకుండా,” అన్నాడు మా అయ్య. చిటికెడు కలిపాను.

కుండలో నీళ్ళు కాచి, అందులో గిన్నె పెట్టి మైనం కరిగించాను. నరసింగరావు వైర్లు రెండూ విడదీసి చుట్ట నా చేతికిచ్చాడు. మెల్లగా ముంచాను. చుట్ల సందుల్లోంచి బుడగలు పైకి రావడం మొదలెట్టాయి. అంత చిన్న వస్తువులో అంత గాలి ఉందని ఎవరూ అనుకోలేదు. ఇక చాలు తియ్యమన్నాడు లక్ష్ముడు. తియ్యలేదు. నీళ్ళలో ముంచిన కుండ బుడబుడమంటున్నంతసేపూ నిండనట్టే. వేళ్ళు కాలుతున్నా పట్టుకునే ఉన్నాను. ఆఖరి బుడగ వచ్చి ఆగాక తీసి, నీడలో ఆరబెట్టాను. ఆరాక అది ఒకే ముద్దలా, రాయిలా ఉంది. నరసింగరావు వైర్లు అతికి, మీటే తీగలకి దగ్గరగా నిలబడేలా అడుగున చెప్పు రబ్బరు ముక్క పెట్టి బిగించాడు.

గోటితో మొట్టాను. గొట్టం పలకలేదు. లక్ష్ముడు తీగ మీటాడు. నరసింగరావు మరమీట సగం తిప్పాడు, ముప్పాతిక తిప్పాడు, చివరిదాకా తిప్పాడు. కూత లేదు. ఒట్టి స్వరం, నిండుగా, నిక్కంగా. దూరాన నీళ్ళ మీద ఉన్న పడవలవాళ్ళు తెడ్లు ఆపి ఒడ్డు వైపు చూశారు. మా అయ్య గిటారుని చూడకుండా మైనం గిన్నె వైపు చూస్తూ, “సిటికెడు గుగ్గిలం మహిమ,” అన్నాడు.

నా వల పోయిందని ఆ నిమిషానే నాకు తెలిసింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు.

సంబరం నాడు పొద్దు వాలకముందే అసిరమ్మ ఘటంతో చీలిక దగ్గరికి వచ్చి ఆగింది. అటు ఎర్ర కోట్లు. ఇటు నరసింగరావు గొట్టం, రెండు డప్పులు, మెళ్ళో గిటారు వేసుకున్న లక్ష్ముడు. మా ఆడవాళ్ళం పాడడానికి ఒక మైకు కూడా నిలబెట్టారు. బ్యాండు మొదలుపెట్టింది. అబద్ధమెందుకు, దద్దరిల్లింది. అసిరమ్మ ఒళ్ళు అటు ఊగింది. ఒక అడుగు కూడా అటే వేసింది. మెట్టవీధివాళ్ళు అప్పుడే పసుపునీళ్ళకి దారి తీస్తున్నారు.

లక్ష్ముడు తొందరపడలేదు. మేము వల లాగేటప్పుడు పాడే పాట వరస ఎత్తుకున్నాడు. పుట్టినప్పటినుంచి ఊరందరి చెవుల్లో ఉన్న వరస అది. డప్పులు కలిశాయి, మేము గొంతులు కలిపాం. బాకా ఊదేవాడు ఎంత గట్టివాడైనా మధ్యలో ఊపిరి తీసుకోవాలి. గిటారుకి ఆ బాధ లేదు. వాళ్ళు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఆ సందులోకి లక్ష్ముడి స్వరం వచ్చి నిలబడింది, ఊగుతూ, తరగకుండా. అసిరమ్మ అడుగు ఆగింది. తల ఇటు తిరిగింది. ఆ వరసకి కాళ్ళు లయ పట్టాయి. వల లాగేవాళ్ళ అడుగే అది, ఒకటి వెనక్కి, రెండు ముందుకి. అలా ఊగుతూ ఊగుతూ ఘటం నిండుగా మా వీధిలోకి వచ్చేసింది.

మా అయ్య తలపాగా తీసి గాల్లోకి విసిరాడు. అది ఎవరింటి కప్పు మీద పడిందో చాలాసేపు దొరకలేదు. మొదటి పసుపునీళ్ళు మా పడవల మీద పడ్డాయి. నా మీదా పడ్డాయి. ముసలాళ్ళు ఏడ్చారు. బ్యాండువాళ్ళు కాసేపు దిక్కులు చూసి, తర్వాత నవ్వుకుంటూ అదే వరస పట్టుకుని మా వెనకాలే ఒడ్డు దాకా వచ్చారు. వాళ్ళ వెనక మెట్టవీధి అంతా వచ్చింది.

ఒడ్డున పాట ఆగాక బ్యాండు మేస్త్రి గిటారుని తడిమి చూశాడు. “ఎవరిదయ్యా ఈ వాయిద్యం? ఇంత సరుకు ఎక్కడ దొరికింది?” అన్నాడు.

లక్ష్ముడు చెమట తుడుచుకున్నాడు. “మా సిన్నతల్లిది. అది అల్లిన వల ఇచ్చీసి తెచ్చినాను. దాన్ని అడగనేదు, అది నా తప్పు. దీన్ని పలికించినది కూడా అదే.”

మైకు ఎదురుగా నిలబడి అన్నాడు. మా అయ్య విన్నాడు, మెట్టవీధి విన్నది, అవతల పడవల దగ్గర ఉన్నవాళ్ళూ విన్నారు. నాకు గుండె నిండిపోయింది. తడి కొంగుతో మొహం తుడుచుకుని ముందుకి వెళ్ళాను.

“సరిగ్గా ఇనబడనేదు బావా,” అన్నాను. “ఇంకోపాలి సెప్పు.”