పసుపు పట్టిన తీగ

"రెండ్రోజులు ఎండుసేపలు తిరగేస్తే నీ ఇంజినీరింగేటి కరిగిపోదులే" అంది అత్త కూర్మమ్మ. దేవి నడుం వంచి ఇసుకలో ఆరబోసిన కవళ్ళ చేపలు తిరగేస్తోంది. విజయనగరంలో ప్రభుత్వ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ మూడో ఏడు చదువుతోంది. హాస్టల్ నుంచి భావనపాడు వచ్చిందంటే పుస్తకం సంచిలోంచి బయటికి రాదు. సోమవారం పరీక్ష ఉందని చెబితే, "మాకు రోజూ పరీచ్చే" అంటుంది అత్త.

దేవి మనసు చేపల మీద లేదు, ఒడ్డున ఉన్న మొగుడు ఈశ్వర్ పడవ మీద ఉంది. ప్రతి అమావాస్యకీ అత్త బిందెడు పసుపునీళ్ళు కలిపిస్తుంది. ఈశ్వర్ వాటిని వలకీ ఇంజనుకీ, ఆఖరికి వైర్‌లెస్ సెట్టుకీ భక్తిగా పోస్తాడు. కిందటి వారం నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే రెండు గంటలు ఆ సెట్టులో పిలిచాడట, ఒక్క పడవా పలకలేదట. అందరి మాటలూ అతనికి వినిపిస్తూనే ఉన్నాయట. ఒడ్డుకొచ్చి వాళ్ళందర్నీ తిట్టిపోశాడట. ఆ మాట వినగానే సంగతి దేవికి అర్థమైంది.

"ఏంటెన్నా తీగలోకి పసుపునీళ్ళు దిగిపోనాయి బావా. మనకి ఇనబడతాది గానీ మన మాట ఎవులికీ ఎల్లదు. నేను సూస్తాను."

"ఇనబడతంది గదా, సాల్దేటి? ఆడది ఎక్కిన పడవని గంగమ్మ సల్లగా సూడదు. ఎక్కినావో, నీ సదువు ఆ రోజుతో సరి."

ఇంట్లో కేకలేసే మనిషి కాదు ఈశ్వర్. రాత్రి అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఫోను లాక్కున్న రోజూ అలాగే చెప్పాడు. అలా చెప్పింది ఏదీ ఇంతవరకు చెయ్యకుండా వదల్లేదు. అందుకే ఆమెకి భయం.

రేపు తెల్లారి నలుగురు మగాళ్ళు ఆ మూగ సెట్టుతోనే వేటకి వెళ్తారు. మధ్యాహ్నం నుంచీ గాలి స్తంభించిపోయింది. దక్షిణాన ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. ఈశ్వర్ ఐసుకని టెక్కలి వెళ్ళాడు. అత్త కునుకు తీస్తోంది. అన్నీ వింటూ ఒక్క మాటా బయటికి పోకపోతే ఎలా ఉంటుందో దేవికి ఒకరు చెప్పక్కర్లేదు, ఏడాదిగా ఆ ఇంటి కోడలు. సంచిలోంచి ల్యాబ్ కటింగ్ ప్లేయర్ తీసి బొడ్లో దోపుకుంది.

చుట్టూ చూసి పడవెక్కింది. తీగ మొదలు విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. కుళ్ళిన కొస కోసేసి, మెరిసే రాగి తేలేదాకా గీకి, తిరిగి బిగించింది. ఇప్పుడు దిగిపోతే ఎవరికీ తెలీదు. కానీ బాగయిందో లేదో తెలియాలంటే సెట్టులో మాట్లాడాలి. మాట్లాడితే సముద్రం మీదున్న ప్రతి పడవా వింటుంది. సోమవారం పరీక్ష, హాల్‌టికెట్, ఇంకా మిగిలిన ఏడాది చదువు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని మీట నొక్కింది.

"ఎవులైనా ఇంటన్నారా?"

కాసేపు బరబరమని చప్పుడు. తర్వాత, తన అన్నగారి పడవలో వేటకెళ్ళిన మావ, ఈశ్వర్ తండ్రి నూకయ్య గొంతు పలికింది.

"పడవలో ఆడగొంతేటి? ఎవులే నువ్వు?"

సెట్టు కట్టేసి దిగిపోవచ్చు. మళ్ళీ మీట నొక్కింది.

"దేవిని, మావా. మన పడవలోంచే మాటాడతన్నాను. ఇనబడతందా?"

జవాబు వచ్చింది. అందులో కేక లేదు. అచ్చం కొడుకులాగే, నెమ్మదిగా అన్నాడు.

"ఇనబడతన్నాది."