ఎడమవైపు పల్లం

బావమరిది చేసింది ద్రోహం. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది ఆయనకు అనవసరం.

ఇద్దరిదీ ఒకే వర్క్‌షాపు. సోఫాలకూ కుర్చీలకూ మెత్తలు వేసి తోలు తొడిగే పని. నాలుగేళ్ళ కిందట ఒక పెద్ద షోరూముకు కొత్త డిజైను వాలుకుర్చీ నమూనాగా చేశారు. వంచిన చెక్కతో వీపు, గిర్రున తిరిగే ఉక్కు కాలు, జోడీగా కాళ్ళు చాపుకునే పీట. తోలు కుట్టింది ఆయన భార్య. రంగు నచ్చలేదని షోరూమువాళ్ళు తిప్పి పంపారు. ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళను కూర్చోబెట్టడమేనా, మనమూ ఓసారి దర్జాగా కూర్చుందామని ఆమె దాన్ని ఇంటికి తెప్పించింది.

ఆ తర్వాతే ఆమె తుంటి ఎముకలో జబ్బు బయటపడింది. ఎడమవైపు ఆనితే ప్రాణం పోయేంత నొప్పి. ఆయన కవరు జిప్పు తీసి, ఆ పక్క స్పాంజిని కాస్త కోసి, ఆమెను కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కోసి, పదకొండోసారికి కుదిరించాడు.

"ముప్ఫై ఏళ్ళకు తెలిసింది మీకు నా కొలత" అని ఎకసెక్కెమాడింది ఆమె.

రెండేళ్ళు అందులోనే కూర్చుంది. అందులోనే కన్నుమూసింది.

ఆయన ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. రోజూ పొద్దున ఆ పల్లంలో అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, పనికి పోయేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

ఏడాది తిరిగింది. కంటి ఆపరేషనుకు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటి తాళాలు బావమరిదికిచ్చాడు. కంటికి కట్టుతో తిరిగొచ్చి, అలవాటుగా చెయ్యి పెట్టాడు. మెత్త ఆ చేతిని పైకి నెట్టింది.

బావమరిది మందుల సంచి పట్టుకుని, చేటంత మొహంతో వెనకే నిలబడ్డాడు. స్పాంజి ఒక పక్కకు కుంగిపోయిందని, మన ఇంట్లోనే ఇలాంటి కుర్చీ ఉంటే నలుగురూ నవ్విపోతారని, కొత్తది వేశానని చెప్పుకొచ్చాడు. తోలు మాత్రం అక్క కుట్టినదే తొడిగాడట.

"పాత స్పాంజి ఏది?"

"ఎప్పట్లాగే ముక్కలు చేశాను బావా. పీట మెత్త వదులైంది కదా, అందులో కూరాను."

పాత స్పాంజి పారెయ్యకుండా ముక్కలు చేసి మెత్తల్లో నింపే పద్ధతి వర్క్‌షాపులో పెట్టింది ఆయనే. ఆయన చెయ్యి ఇంకా ఆ మెత్తమీదే ఉండడం చూసి బావమరిది మొహం పాలిపోయింది.

"కుంగిన కుర్చీ కంటపడితే వదలొద్దని మీరే కదా నేర్పారు" అన్నాడు చిన్నగా.

"కుంగలేదురా. నేను కోశాను. మీ అక్క కోసం."

బావమరిది పీట దగ్గరికి ఉరికాడు. పీట విప్పుదామన్నాడు. ముక్కలన్నీ ఏరి, ఎన్నాళ్ళు పట్టినా అతికిస్తానన్నాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. తల్లిలేని వాణ్ని చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. అది ఆయనకూ తెలుసు. తెలిసినా కరగలేదు.

పీటను రెండు చేతులా ఎత్తి, మంచం దగ్గర తలవైపున పెట్టుకున్నాడు.

"దీనిమీద ఎవరూ కాలు పెట్టొద్దు. ఆ కుర్చీ తీసుకుపో."

"బావా..."

"ఈ మాట నా దగ్గర మళ్ళీ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు కూడా.