బయట ఉన్న పోలయ్య

మలయా దేశంలోని తెలుక్ ఆన్సన్ ఊరి లాయరు గవర్రాజును ఫెడరేషన్ జడ్జీగా వెయ్యబోతున్నారన్న కబురు కౌలాలంపూర్ నుంచి వచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడిందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆ కబురు చెప్పుకోడానికి ఆయనకు ఇంట్లో మనిషంటూ లేడు. భార్య జయమణి జపాను వాళ్ళు దేశాన్ని ఏలిన కాలంలోనే పోయింది. పిల్లలు లేరు. తోట గుమాస్తా కొడుకుగా పుట్టి లండన్‌లో లా చదివి వచ్చాడు కదా, దొరల క్లబ్బులో తలలు ఊపేవారు, తోటల్లో జనం లేచి నిలబడేవారు. పక్కన కూచునేవాళ్ళే కరువు.

దొరలు కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన దగ్గర్నుంచీ ఆయన పని ఉరితాడుకూ మనిషికీ మధ్య నిలబడి వాదించడం. అడవిలోని కమ్యూనిస్టులకు సాయం చేశారని పట్టుబడ్డ కూలీల కేసులు. గెలిచినవి కొన్ని, ఓడినవి చాలా. తీర్పు విని కూలిపోయే తల్లుల్ని చూసి చూసి ఆయన మనసు విరిగిపోయింది. ఒక్కసారి ఆ తీర్పు చెప్పే కుర్చీలో తాను కూచోవాలన్న కోరిక ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నాడు.

అది కాక ఆయనకు ఉన్నదల్లా బాగన్ దాతుక్ కొబ్బరితోటలో అచ్చమ్మ ఇల్లు. చిన్నప్పుడు చంకనేసుకు తిప్పిన మనిషి. అక్కను పిలిచినట్టు "అప్పా" అని పిలిచేవాడు. ఆదివారం కారేసుకుని వెళితే లాయరూ లేదు గీయరూ లేదు, "కూకో, తిను" అనేది. వారం మొత్తంలో ఆయన చెవిన పడే తెలుగు అదే.

కబురొచ్చిన వారమే అచ్చమ్మ కొడుకు అప్పడు పట్టుబడ్డాడు.

అడవిలోవాళ్ళకు తిండి అందకుండా కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి, వండిన అన్నం మెతుకైనా గేటు దాటకూడదని సర్కారు రూలు పెట్టింది. కంచె వేసినవాళ్ళకు బతికున్నవాళ్ళే గుర్తొచ్చారు. చచ్చినవాళ్ళు బయటే ఉండిపోయారు. అచ్చమ్మ మొగుడు పోలయ్య గొయ్యీ బయటే. అతను పోయిన తిథికి ఏటా అన్నం అక్కడే పెట్టాలి. అప్పడు అరిటాకు పొట్లం చొక్కాలో పెట్టుకుని బయల్దేరాడు. గేటు దగ్గర పోలీసు తడిమి ఎవరికని అడిగాడు.

"మా అయ్యకి. బయట ఉన్నాడు," అన్నాడు అప్పడు.

ఇంత తెలివితక్కువ జవాబు ఇంకోటుంటుందా అనిపిస్తుంది. కానీ వాళ్ళింటి ఆనవాయితీ అది. అన్నం పెట్టే పెద్దల్ని చచ్చిపోయారని నోటితో అనరు. అన్నారా, ఆ పెద్దలు మరి ఆ ఇంటి కూటికి రారు.

జడ్జీ కాబోయేవాడు కొత్త కేసు పట్టకూడదు. ఈ ఒక్క కేసు అయ్యేదాకా ఆగమని గవర్రాజు పైవాళ్ళకు ఫోన్ చేశాడు. మీ వెనక ఇంకో పేరుందని వాళ్ళు మర్యాదగా చెప్పారు. ఏం చెయ్యాలో తోచక అచ్చమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వే ఆ కుర్చీలో కూకుంటే మావోడిని ఒగ్గేత్తావు గదా బాబూ," అంది అచ్చమ్మ.

"లేదప్పా. మనవాళ్ళ కేసు నేను వినకూడదు. నీ ఇంటికి ఇలా అన్నానికి కూడా రాకూడదు."

"అయితే ఆ కుర్చీ ఏటికి బాబూ?" అంది, నిజంగానే అర్థం కాక.

గవర్రాజు మర్నాడే జడ్జీ పదవి వద్దని చెప్పేసి కేసు పట్టాడు.

ఆగస్టులో విచారణ జరిగింది. బయట ఉన్న తండ్రంటే అడవిలో ఉన్న కమ్యూనిస్టేనని పోలీసుల వాదన. పోలయ్య చావుకు కాగితం లేదు. జపాను కాలంలో చచ్చినవాళ్ళకు కాగితాలెవడిచ్చాడు? చూసినవాళ్ళేమో జపాను వాళ్ళు వేయించిన సయాం రైలు దారి పనికి పోయి తిరిగిరాలేదు. గొయ్యి తవ్వింది అచ్చమ్మ ఒక్కతే. గవర్రాజు ఆ ఇంటి ఆచారమంతా విడమరిచి చెప్పాడు, దానితో సరిపోతుందనే ఆశపడ్డాడు.

"ఆచారం సరే. మనిషి ఉన్నాడా, లేడా?" అన్నాడు కుర్చీలోని దొర.

బోనులో అచ్చమ్మ నిలబడి ఉంది. అడగవలసినవాడు గవర్రాజే.

"అచ్చమ్మా, నీ భర్త పోలయ్య ఎక్కడున్నాడు?"

"బయట ఉన్నాడు."

"బతికే ఉన్నాడా?"

ఆమె ఆయన్ని చూసింది. కొడుకుని చూసింది.

"సచ్చిపోయినాడు," అంది.

ఆ ఇంటి ఆనవాయితీ విన్న దొర ఆ మాట నమ్మాడు. అప్పడిని వదిలేశారు.

ఆదివారం గవర్రాజు ఎప్పటిలాగే కారేసుకుని వెళ్ళాడు. అచ్చమ్మ గడప దగ్గరే ఎదురొచ్చింది. కోపమేమీ లేదు మొహంలో, ఏడ్చి ఏడ్చి ఉంది.

"నా కొడుకుని తెచ్చి ఇచ్చినావు. నీ రునం తీరదు బాబూ. కానీ నిన్ను సూత్తే ఆ మాటే యినపడతాది నాకు. ఇంక రాకు," అంది.

ఆయన కాదనలేకపోయాడు. తాను జయమణి పోయిన పూటే ఆ మాట అందరికీ చెప్పుకు తిరిగాడు, ఏమీ అనిపించలేదు. అచ్చమ్మ ఇన్నేళ్ళూ మొగుడితో కాపరం చేస్తూనే ఉందని ఆ గడప దగ్గర నిలబడ్డాకే తెలిసింది. అది తెగ్గొట్టింది తానే.

ఆ నెలాఖరున మెర్దెకా, అంటే దేశానికి స్వతంత్రం. కౌలాలంపూర్‌లో ఆ జడ్జీ కుర్చీకి వేరే ఎవరో ఖాయమయ్యారు. రెంటికీ చెడ్డ రేవడన్నారు ఊళ్ళోవాళ్ళు. స్వతంత్రం వచ్చిన రోజున గవర్రాజు మైదానానికి వెళ్ళి ముక్కూమొహం తెలియని గుంపులో నిలబడ్డాడు. జెండా ఎగిరినప్పుడు వాళ్ళతోపాటు "మెర్దెకా" అని గట్టిగా అరిచాడు. ఆ రోజంతటిలో ఆయన నోరు విప్పి పలికిన మాట అదొక్కటే.