ఖాళీ పేజీల మీద సంతకాలు

వరద నీళ్లు కిటికీ చువ్వల దాకా వచ్చిన ఏడాది అది. రంగుల మిల్లులో బాయిలర్ మూడు రోజులు బురదలో నానింది. నీళ్లు తీసిన వారానికే దాన్ని రాజేశారు.

రోజూ పొద్దున్నే సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి, ఆవిరి బుస్సుమంటుందో లేదో చూడడం బాయిలర్ మేస్త్రి పని. తుప్పుపట్టి ఆ పిడి కదలడం లేదు. ఆవిరి ఎక్కువైతే పోయే దారి లేదు. గోడ అవతల అరవై మంది బట్టలకు రంగులద్దుతుంటారు. మేనేజరుకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆయన "చూద్దాంలే" అన్నాడు. నాలుగోసారి మేస్త్రి ఆయనకు చెప్పలేదు. బాయిలర్ల ఇన్‌స్పెక్టరుకు చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి పిడి లాగి చూశాడు. విచారణ అయ్యేదాకా అంటూ బాయిలర్‌కు సీలు వేసి వెళ్లాడు. మిల్లు ఆగిపోయింది.

మర్నాడు గేటు మీద మేస్త్రి ఫొటో అతికించారు. డ్యూటీలో తాగి, సుత్తితో కొట్టి వాల్వు పాడుచేశాడు, ఇతనికి ఎవరూ పని ఇవ్వవద్దు అని కింద రాశారు. బాయిలర్ ఉన్న ప్రతి ఫ్యాక్టరీకీ ఆ కాగితమే పోయింది. మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినవాడు కాదు.

సబ్బుల ఫ్యాక్టరీకి పనడగడానికి వెళ్తే అక్కడి సూపర్‌వైజరు ముక్కు ముందుకు పెట్టి వాసన చూశాడు. "పొద్దున్నే కదా, ఇంకా మొదలుపెట్టినట్టు లేవు" అన్నాడు. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఇంకో ఆరు చోట్ల గేటు కూడా తీయలేదు.

విచారణ రేపనగా సాయంత్రం బావమరిది వచ్చాడు. అతను అదే మిల్లులో, ఆ గోడ అవతలే రంగులద్దుతాడు.

"బావా, వాళ్ల దగ్గర రుజువుంది. లాగ్ బుక్కు. పన్నెండు పేజీల్లో 'తాగి ఉన్నందున నీటిమట్టం చూడలేదు' అని రాసుంది. కింద నీ సంతకం."

మేస్త్రి భార్య చేతిలో గిన్నె ఠక్కున కింద పెట్టింది. "పెళ్లయి పాతికేళ్లయింది, ఈయన నోట్లోంచి మాటే బయటికి రాలేదు. మందు లోపలికెట్లా పోయిందిరా?"

మేస్త్రి నవ్వలేదు. గోడకానుకున్నాడు. సంతకాలు తనవే. గంటగంటకూ నీటిమట్టం, ఆవిరి ఒత్తిడి రాసి, ఆ పేజీ కింద సంతకం చేయాలి. మసి చేతులతో పుస్తకం పాడవుతోందని గుమాస్తా ఒక పద్ధతి పెట్టాడు. ఒకటో తారీఖున చేతులు కడుక్కొచ్చి, నెల మొత్తానికీ ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టేయాలి. అంకెలు గుమాస్తా తర్వాత ఎక్కిస్తాడు. బాయిలర్ దగ్గర చేసినవాళ్లంతా అలాగే పెట్టారు. రాత అంతంతమాత్రమైన మేస్త్రికి అది సుఖంగా కూడా ఉండేది.

"ఆ మాటే చెప్పు రేపు" అంది భార్య.

"చెబితే బాయిలర్ నడిపే సర్టిఫికెట్ పోతుంది. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టినోడు మళ్లీ బాయిలర్ ముట్టుకోకూడదు."

బావమరిది గొంతు తగ్గించాడు. "మేనేజరు కబురు చేశాడు. తాగానని ఒప్పుకుంటే ఆరు నెలలు ఆపి సర్టిఫికెట్ తిరిగి ఇప్పిస్తాట్ట. గేటు మీద కాగితమూ పీకేస్తారు. ఆరు నెలలేగా బావా, కళ్లు మూసుకుంటే అయిపోతాయి."

"ఒప్పుకుంటే వాల్వు సంగతి తాగుబోతు వాగుడవుతుంది" అన్నాడు మేస్త్రి. "కాస్త నూనె పోసి, పిడి కదిలించి సీలు తీయించుకుంటారు. లోపల తుప్పు అట్లాగే ఉంటుంది. గోడ అవతల నిలబడేది నువ్వు."

బావమరిది లేచాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"బాయిలర్ తప్ప నీకు ఇంకో పని వచ్చా?" అడిగింది భార్య.

"రాదు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

తెల్లవారింది. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని విచారణకు వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు లాగ్ బుక్కు ముందుకు జరిపాడు.

"ఈ సంతకాలు నీవేనా?"

"నావేనండి. పైన రాత నాది కాదు. ఖాళీ పేజీల మీద పెట్టాను."

మేనేజరు నవ్వాడు. "దొరికిపోయాక అందరూ ఇదే అంటారు సార్."

"సీలు వేసిన రోజు తర్వాతి పేజీలు తిప్పండి" అన్నాడు మేస్త్రి. "నెలాఖరు దాకా పెట్టేశాను. కుట్టిన పుస్తకం, పేజీకో నంబరుంది, చించలేరు."

ఇన్‌స్పెక్టరు ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. పైన తెల్లగా ఉంది, కింద సంతకం ఉంది. మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఇట్లా పెట్టినందుకు నీ సంగతేమవుతుందో తెలుసా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"తెలుసండి."

మేస్త్రి జేబులోంచి సర్టిఫికెట్ తీశాడు. మడతలు చేత్తో సాపుచేసి, ఆయన అడగకముందే బల్ల మీద పెట్టాడు.